ఎడమ చేతికో బొత్తాం

జూన్ 9

ప్రియమైన మేరమ్మ అత్తకు,

అబిగేలు వందనాలు. నేను బాగున్నాను. నువ్వూ మామయ్యా బాగున్నారని తలుస్తాను. ఉత్తరం ఇలా మొదలుపెట్టాలని సండే స్కూల్లో నువ్వే నేర్పావు కాబట్టి పెట్టాను. ఇక నా పద్ధతిలో రాస్తాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకో, వెనక్కి మాత్రం పంపకు.

క్యాంపులో ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకున్నారు. ఆదివారం సాయంత్రం పది నిమిషాలు ఇస్తారు. ఆ పది నిమిషాలూ అమ్మ "తిన్నావా, ఏం తిన్నావు, ఎంత తిన్నావు" అని అడగడానికే చాలవు. అందుకని నీకు ఉత్తరమే.

ఇక్కడ సముద్రం లేదత్తా. ఎటు చూసినా ఎర్రమట్టి, తుమ్మ చెట్లు. గాలిలో ఉప్పు లేదు. కూరలో మాత్రం కావలసినంత ఉంది. మన దీవుల పోలీసుల నుంచి ఆడవాళ్ళం పన్నెండుమందిమి వచ్చాం. ఆగస్టు మొదట్లో పరీక్ష పెట్టి ఐదుగురిని పిస్తోలు పోటీ జట్టులోకి తీసుకుంటారు. మిగతా ఏడుగురూ ఇంటిదారి పట్టాలి.

ఇన్నాళ్ళూ నేను బల్ల మీదున్న పిస్తోలు తీసుకుని నిలబడి కాల్చడమే నేర్చుకున్నాను. ఈ పోటీ వేరు. పిస్తోలు నడుముకు ఉండాలి. విజిల్ వేయగానే తీయాలి, కాల్చాలి, ఖాళీ చేసి చూపించాలి, మళ్ళీ నడుముకే పెట్టుకోవాలి. దానికి హోల్‌స్టర్, అంటే పిస్తోలు పెట్టుకునే సంచీ, కావాలి. డ్యూటీలో ఇచ్చే మూత ఉన్నది ఇక్కడ పనికిరాదట. ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. జూలై 28న సామాన్ల తనిఖీ. ఆ రోజు చూపించినదే ఖాయం, తర్వాత మార్చడానికి వీల్లేదు.

మాకు నేర్పే ధనరాజు సార్ విశాఖపట్నం వైపు మనిషి. నిన్న అందరినీ నిలబెట్టి ఆయన ఒక మాటన్నారు. "హోల్‌స్టరంటే చొక్కా లాంటిది. పక్కదానిది నీకు కుదరదు. ఎవరి కొలత వారిదే." ఆ మాట వినగానే నాకు నువ్వే గుర్తొచ్చావు. పుట్టినప్పటి నుంచి నేను కొన్న బట్ట కట్టిందే లేదు కదా. స్కూలు గౌను నుంచి ఖాకీ చొక్కా దాకా అన్నీ నీ మిషను మీదివే. అందుకని సార్ అనుమతి తీసుకుని, ఖాళీ పిస్తోలును కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి పంపిస్తున్నాను. మందం పక్కనే రాశాను. కుట్టి పంపుతావా అత్తా? నాకు ఈ జట్టులో ఉండాలని చాలా ఉంది. ఎందుకో తర్వాత చెబుతాను.

నీ మేనకోడలు,
అబిగేలు

జూన్ 17
గోల్ ఘర్

మా బంగారు అబిగేలుకు,

అత్త దీవెనలు. నీ ఉత్తరం షాపులో అందరి ముందూ పైకి చదివాను. తప్పులు పదకొండు. లెక్కపెట్టింది మీ మామయ్య, నేను కాదు.

ఇక్కడ వాన మొదలై తొమ్మిది రోజులు. బట్ట ఆరదు, సుద్దముక్క గీత పడదు, మిషను బెల్టు జారుతుంది. అయినా నీ పని ముందు పెట్టుకున్నాను. స్కూలు యూనిఫాంలకు వచ్చినవాళ్ళందరినీ వచ్చే వారం రమ్మన్నాను. వాళ్ళు నన్ను తిట్టుకుంటే ఆ పాపం నీదే.

నువ్వు గీసిన బొమ్మ చూసి మీ మామయ్యకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. చాతం మిల్లులో ముప్పై ఏళ్ళు చెక్క కోసిన చెయ్యి కదా, రిటైరయ్యాక దురదపెడుతోంది. ఇంట్లో ఉన్న పడౌకు చెక్క ముక్క తీసి రెండు రోజుల్లో అచ్చం పిస్తోలు చెక్కేశాడు. నేను దాని మీద కొలతలు చూసుకుని కుట్టాను. అంతవరకు బాగానే ఉంది. మర్నాడు దాన్ని లుంగీలో దోపుకుని పాలకు వెళ్ళాడు. పాల అప్పయ్య రెండు చేతులూ పైకెత్తేశాడట. నేను కేకలేస్తే, "ఏటే మేరీ, చెక్కదని ఆడికి సెప్పేలోపే ఆడు సేతులెత్తేసినాడు. పాలు మాత్రం సిక్కగా పోసినాడు సూడు" అన్నాడు.

సంచీ పార్సిలు చేశాను. ఖాకీ కాన్వాసు రెండు పొరలు, మధ్యలో ఫోము. వేరే పనికి తెచ్చిన ఫోము కొంచెం మిగిలితే వేశాను. లోపల తెల్ల ఫ్లానెలు, నీ పిస్తోలుకు గీత కూడా పడదు. మూతికి మంచి ఇత్తడి జిప్పు. క్రిస్మస్‌కి మన చర్చివాళ్ళకు కుట్టే బైబిలు కవర్ల పద్ధతే. ఆ కవర్లు ఒక్కటి కూడా ఇంతవరకు తిరిగి రాలేదు.

అన్నట్టు ప్రోతరాపూర్ అవుట్‌పోస్టులో రిజిస్టరు రాసే కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందట. ఊరికే చెబుతున్నాను. ఫ్యాను కింద కుర్చీ. ఇంటి నుంచి ఒక్క బస్సు.

వేళకు తిను. మీ అమ్మ అడిగిందని కాదు, నేను చెప్పానని.

అత్త,
మేరమ్మ

జూన్ 26

ప్రియమైన అత్తకు,

వందనాలు. పార్సిలు అందింది. సంచీ చాలా బాగుంది. చాలా చాలా బాగుంది. అందరూ ఎవరు కుట్టారని అడిగారు. సార్ కూడా చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు.

ఇక్కడ నిన్న నెమలి వచ్చింది. మేం కాల్చే రేంజి గోడ మీద కూర్చుంది. మాతో పాటు మన కనకలక్ష్మి దీదీ ఉంది కదా, ఆవిడ దానికి చపాతీ వేసింది. తినలేదు. చపాతీ రాయిలా ఉంటుంది, నెమలిని ఏమీ అనలేం.

మామయ్య చెక్క పిస్తోలు కథ అందరికీ చెప్పాను. ఇప్పుడు ఎవరికి మజ్జిగ పలచగా వచ్చినా "అరే, మామయ్యను పిలవండి" అంటున్నారు.

ప్రాక్టీసు బాగా సాగుతోంది. ఇంకేం విశేషాలు లేవు. ఉంటాను.

నీ అబిగేలు

జూలై 2
గోల్ ఘర్

అబిగేలుకు,

"చాలా బాగుంది, చాలా చాలా బాగుంది" అని రాశావు. ఎక్కడ పట్టేసిందో రాయలేదు.

నలభై ఏళ్ళుగా కుడుతున్నాను. ఎక్కడా పట్టేయని బట్ట మొదటి ట్రయల్‌కే కుట్టిన రోజు ఒక్కటీ లేదు. నిజంగా తొడుక్కున్న మనిషి అద్దం ముందు నిలబడి భుజం ఎగరేసి, "అక్కా, ఇక్కడ కొంచెం" అంటుంది. తొడుక్కోకుండా బీరువాలో పెట్టేసిన మనిషే బాగుందంటుంది. ఆ మీదట నెమలి కబుర్లు చెబుతుంది.

నా మనసు నొచ్చుకుంటుందని నువ్వు దాచావని తెలుసు. దాస్తే ఇంకా నొచ్చుకుంటుంది. నువ్వు నా కస్టమరువి. ఎక్కడ పట్టేసిందో, ఎక్కడ వదులయిందో, ఎక్కడ పొడుచుకుందో వెంటనే రాయి. పేజీ నిండకపోతే ఊరుకోను.

మేరమ్మ

జూలై 8

ప్రియమైన అత్తకు,

తప్పయింది. క్షమించు. నీ ఉత్తరం చదివి బాత్‌రూంలోకి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి ఇది రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఇక్కడ రోజూ పొద్దున్న ఖాళీ పిస్తోలుతోనే తీయడం, పెట్టడం చేయిస్తారు. తూటాలు ఆ గదిలోకే రావు. నీ సంచీ కట్టుకుని నిలబడ్డాను. విజిల్ పడింది. నేను జిప్పు లాగుతుండగానే పక్కవాళ్ళు తీసి గురిపెట్టేశారు. అది పరవాలేదు, నవ్వుకున్నాం. పెట్టేటప్పుడే వచ్చింది అసలు గొడవ. పిస్తోలు బయటికి రాగానే ఫోము, ఫ్లానెలు లోపలికి ముడుచుకుని సంచీ మూతి మూసుకుపోయింది. తిరిగి పెట్టాలంటే ఒక చేత్తో పని కాదు. నా ఎడమ చెయ్యి నన్ను అడక్కుండానే వచ్చి మూతి తెరిచి పట్టుకుంది. పిస్తోలు గొట్టం నా అరచేతి ముందు నుంచి దాటింది.

సార్ గది అదిరేలా అరిచారు. "ఆపు! అబిగేలూ, ఆ చెయ్యి చూసుకో. పిస్తోలు ఖాళీది అనకు. అలవాటైన చెయ్యికి ఖాళీదేదో నిండుదేదో తెలీదు. ఇంకొక్కసారి ఇలా చేశావంటే ఓడ టికెట్టు నేనే తీసి చేతిలో పెడతాను, అర్థమైందా?"

సంచీని తిప్పి తిప్పి చూసింది అప్పుడే. "కుట్టు ఫస్ట్ క్లాస్. దీన్ని దేనికి కుట్టారో వాళ్ళనే అడుగు" అన్నారు.

కనకలక్ష్మి దీదీ తన పాతది ఇచ్చింది. "అరే పగ్లీ, రో మత్, ఏడవకు. నాది పెట్టుకో, ఫికర్ చేయకు" అంది. అది గట్టి ప్లాస్టిక్‌ది. మా పిస్తోలుకని పోతపోసినదే. పెడితే టక్కుమని పడుతుంది, ట్రిగ్గరంతా మూసుకుంటుంది, పిస్తోలు తీసేశాక కూడా మూతి తెరుచుకునే ఉంటుంది. అంతా బాగుంది కానీ నాకు పక్కటెముకల్లో పొడుచుకుంటోంది. పిస్తోలు పిడి పైకొచ్చి ఛాతీ పక్కన గుచ్చుతుంది. తీయాలంటే భుజం పైకెత్తి ఎడమ పక్కకు ఒంగాలి. ఒంగితే గురి పోతుంది. పన్నెండుమందిలో నేను పదకొండు. పన్నెండో ఆమెకు జ్వరం.

ఏం కొనాలో తెలియడం లేదు. ఒకమ్మాయి తోలుది తెప్పించుకుంది, అందంగా ఉంది. రెండు వానల్లో తడిసి మూతి మెత్తబడింది. పెద్ద పోటీల్లో ఆడేవాళ్ళది ఇంకో రకం ఉంది. పిస్తోలును చిన్న కొక్కెం మాత్రమే పట్టుకుంటుంది, మిగతాదంతా బయటికే ఉంటుంది. రెప్ప వేసేలోపు చేతిలోకి వస్తుంది. కొత్తవాళ్ళు దాని జోలికి పోవద్దన్నారు సార్. తొడకు కట్టుకునేది ఒకటుంది, పరుగెత్తితే ఊగుతుంది. ఎవరిని అడిగితే వాళ్ళు తమదే మంచిదంటారు.

ఇంకో సంగతి. ఇది నేనింకెవరికీ చెప్పలేదు. దీదీది మూతి తెరుచుకునే ఉన్నా నా ఎడమ చెయ్యి అటే పోతోంది. సగం దాకా వెళ్ళాక గుర్తొచ్చి ఆపుతున్నాను. ఏదో ఒక రోజు ఆపలేను. ఆ రోజే నా టికెట్టు.

జట్టులో ఎందుకుండాలనుకుంటున్నానో చెబుతానన్నాను కదా. స్టేషన్లో నాలుగేళ్ళుగా అందరూ నాకు కాగితాలే ఇస్తారు. "అబిగేలు చేతిరాత బాగుంటుంది, అబిగేలును రాయమనండి." ఇక్కడ గీత మీద నిలబడ్డప్పుడు నా చేతిరాత ఎవరికీ అక్కర్లేదు. అక్కడ నేనూ, ఎదురుగా అట్టముక్కా, అంతే. ఆ అట్టముక్కకు మధ్యలో చిల్లు పడితే నాకు కలిగే సంతోషం ఇంకెక్కడా కలగలేదత్తా. నాకు ఆ కుర్చీ వద్దు.

పేజీ నిండింది. ఇంకో పేజీ కూడా అయింది.

అబిగేలు

జూలై 16
గోల్ ఘర్

నా తల్లి అబిగేలుకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఈసారి తప్పులు లెక్కపెట్టలేదు. మామయ్యను లెక్కపెట్టనివ్వలేదు కూడా.

మర్నాడు షాపు తీయలేదు. నువ్వు సరిచేయమని వదిలివెళ్ళిన పాత ఖాకీ చొక్కా, ప్యాంటు తీసి షాపులో ఉన్న బొమ్మకు తొడిగాను. నా కొలతల పుస్తకంలో నీ పేజీ తీసి, బొమ్మ నడుముకు గుడ్డ పీలికలు చుట్టి సరిగ్గా నీ ఒళ్ళు చేశాను. మామయ్య చెక్క పిస్తోలును దాని నడుముకు కట్టి చూశాను. పిడి తిన్నగా వెళ్ళి పక్కటెముకలోనే గుచ్చుకుంది. బొమ్మ కాబట్టి నోరు మూసుకుని ఊరుకుంది.

సంగతేమిటంటే నీకు నడుము పైకి ఉంటుంది. మీ నాన్న పోలిక. చంక నుంచి నడుముకు నీకు ఏడున్నర అంగుళాలు. కనకలక్ష్మికి తొమ్మిదిన్నర. ఆమె యూనిఫాం కుట్టేది కూడా నేనే, పుస్తకంలో ఉంది. ఆమెకు ఎముక కిందే ఆగే పిడి నీకు ఎముక మీదికి వస్తుంది. నువ్వు ఒంగడం నీ చేతకానితనం కాదు, రెండంగుళాల తేడా. మీ సార్ చెప్పిన చొక్కా మాట అక్షరాలా నిజం.

ఆయుధాల స్టోరులో పనిచేసి రిటైరైన జోగులు గారు తెలుసుగా, ప్యాంట్లకు మన దగ్గరికే వస్తారు. ఆయన్ని కూర్చోబెట్టి టీ పోసి అన్నీ అడిగాను. మీ సార్‌ను కూడా అడిగి, ఆయన సరేనంటే నువ్వు కొనాల్సింది ఇది. దీదీది ఉన్న రకమే, గట్టి ప్లాస్టిక్. నీ పిస్తోలుకని చేసినదే తీసుకో. అన్నిటికీ పడుతుందని చెప్పేది కొనకు, అన్నిటికీ పట్టేది దేనికీ సరిగా పట్టదు. ట్రిగ్గరు పూర్తిగా మూసుకోవాలి. మూతి తనంతట తాను తెరుచుకుని ఉండాలి. ఖాళీ పిస్తోలు పెట్టి తలకిందులు చేసి ఊపితే పడకూడదు. పట్టు కోసం మరలు ఉంటాయట, ఒకసారి బిగించాక తొందరగా రావాలని వదులు చేయకు. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని బెల్టు నుంచి కిందికి దించి, ఒంటికి కొంచెం ఎడంగా నిలబెట్టే పట్టీ ఒకటి విడిగా దొరుకుతుందట. అది వేయించుకో. నాలుగు వేళ్ళు కిందికి, ఒక వేలు బయటికి. బొమ్మ మీద నేను చూశాను, చెయ్యి తిన్నగా దిగితే పిడి అరచేతిలోకే వస్తుంది. భుజం కదలక్కర్లేదు.

అది కొనే వస్తువు. నా మిషనుకు వచ్చే పని కాదు. నాకు వచ్చింది నేను చేశాను. పార్సిలులో బెల్టు ఉంది చూడు. పైన కాన్వాసు, లోపల మన నీలం నీళ్ళ డ్రమ్ములోంచి కోసిన పట్టీ. పాత డ్రమ్ముకి అడుగున చిల్లు పడింది, పక్కలు బాగున్నాయి. దానికి ముందే వంపు ఉంది కాబట్టి నీ నడుముకు కుదురుతుంది, బరువుకు వంగదు. కుడి పక్క రెండు ఎర్ర దారపు కుట్లు వేశాను. హోల్‌స్టర్ ప్రతిరోజూ ఆ రెండింటి మధ్యే ఉండాలి. ఒక రోజు ఇక్కడ, ఒక రోజు అక్కడ పెడితే పాపం చెయ్యి వెతుక్కుంటుంది.

ముందు పక్క, బొడ్డుకు ఎడమగా, ఒక పెద్ద బొత్తాం కుట్టాను. దానికి కాజా లేదు. మరిచిపోయాననుకోకు. నీ ఎడమ చెయ్యి సంగతి అది పుట్టినప్పటి నుంచి నాకు తెలుసు. ఖాళీగా ఉంటే ఏదో ఒకటి తడుముతుంది. దానికి వద్దని చెబితే వినదు, పని చెబితే వింటుంది. పిస్తోలు లోపల పెట్టే ముందు ఎడమ చెయ్యి ఆ బొత్తాన్ని పట్టుకోవాలి. పిస్తోలు లోపల పడ్డ చప్పుడు వినేదాకా వదలకూడదు. జోగులు గారు చెప్పిన మాట కూడా రాస్తున్నాను. "తియ్యడానికేనమ్మా టైము. పెట్టడానికి టైము ఎవుడూ లెక్కెయ్యడు. మూతి సూసుకుని, నెమ్మదిగా, అన్నం తిన్నట్టు పెట్టుకోమను."

రోజుకు వందసార్లు. ఖాళీ పిస్తోలుతో. లెక్క తప్పితే మొదటి నుంచి.

నీ అత్త,
మేరమ్మ

ఆగస్టు 4

నా ప్రియమైన, బంగారు, వజ్రాల మేరమ్మ అత్తకు,

అయిదో స్థానం! పన్నెండుమందిలో అయిదు! జట్టులో ఉన్నాను!

ఆదివారం ఫోన్లో అమ్మకు చెప్పాను కాబట్టి నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా నీకు నా చేత్తో రాయాలి. బెల్టు వచ్చిన రోజే నీ ఉత్తరం సార్‌కు మొత్తం చదివి వినిపించాను. బొమ్మ నోరు మూసుకుని ఊరుకున్న దగ్గర నవ్వారు, ఏడున్నర అంగుళాల దగ్గర నవ్వు ఆపేశారు. "ఇరవై ఏళ్ళుగా నేర్పుతున్నాను. ఆడపిల్లలు ఒంగుతుంటే తిట్టానే గానీ, టేపు పెట్టి కొలవాలని నాకు తోచలేదు" అన్నారు. మర్నాడు పన్నెండుమందికీ టేపు పెట్టి కొలిచారు. నలుగురికి పట్టీ మార్పించారు. నువ్వు చెప్పినట్టే నాది తెప్పించుకున్నాను. తనిఖీలో పాసయింది.

పరీక్ష రోజు నా ముందు ఆడిన అమ్మాయి నాకంటే వేగంగా తీసింది. విజిల్ పడింది. చెయ్యి కిందికి జారింది, పిడి అక్కడే ఉంది. ఒంగలేదు. ఆరు అట్టలు, ఆరూ పడ్డాయి. ఖాళీ చేసి చూపించాను. సార్ "పెట్టుకో" అన్నారు. ఎడమ చెయ్యి కదిలింది అత్తా. కదిలి, తిన్నగా బొత్తాం మీదికి వెళ్ళింది. నేను చెప్పలేదు, అదే వెళ్ళింది. నేను మూతి చూసుకుంటూ ఎంత నెమ్మదిగా పెట్టానంటే సార్ వాచీ చూసుకుని, "నేను పోయి టీ తాగి రానా?" అన్నారు. టక్కుమన్నాక వదిలాను. అప్పుడు సార్ నవ్వారు. దీదీ మాత్రం నాకంటే ముందే ఏడ్చేసింది. ఆమెది రెండో స్థానం.

నా ముందు ఆడిన అమ్మాయి పిస్తోలు తొందరగా పెట్టబోయి గొట్టం ముందు వేలు అడ్డం పెట్టింది. ఆమెను ఆపేశారు. జాలేసింది. నెల క్రితం అది నేనే.

ఇప్పుడు రెండు సంగతులు. ఒకటి, సార్ అందరికీ బొత్తాలు కావాలంటున్నారు. ఇంటికి వెళ్ళే ఏడుగురితో కలిపి పదకొండు. కుట్టడం మేమే కుట్టుకుంటాం, బొత్తాలు మాత్రం నువ్వే పంపాలట. రెండు, నా బొత్తాం గురించి. అది కొబ్బరి చిప్పది కదా. నాలుగు కన్నాలు, అంచున ఒక సొట్ట. మొదటిసారి పట్టుకున్నప్పుడే నా బొటనవేలు తిన్నగా ఆ సొట్టలోకి వెళ్ళి కూర్చుంది. ఇంతకుముందే తెలిసినట్టు. ఎక్కడిదత్తా అది?

నీ మొదటి సంచీని నేను పారేయలేదు. అందులో నా బైబిలు పెట్టుకున్నాను. సరిగ్గా పట్టింది. జిప్పు అద్భుతం.

నీ అబిగేలు

ఆగస్టు 11
గోల్ ఘర్

నా అబిగేలుకు,

మీ అమ్మ ఆదివారం రాత్రే పరుగెత్తుకొచ్చి చెప్పింది. మామయ్య వెంటనే చెక్క పిస్తోలు తీసి వాకిట్లో గాల్లోకి పేల్చినట్టు నోటితో చప్పుడు చేశాడు. పక్కింటి కాసులమ్మ బయటికొచ్చి, "క్యా హువా, ప్రేమయ్యా? ఎవులికి పెళ్ళి కుదిరింది?" అంది. "పెళ్ళి కాదు, అయిదో స్థానం" అన్నాడు. ఆమెకు ఏం అర్థమైందో గానీ పాయసం మాత్రం తాగి వెళ్ళింది.

నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాయాలి. ఎన్నాళ్ళని నీకు మాత్రమే పాఠాలు చెబుతాను?

నలభై ఏళ్ళుగా పోలీసులకు యూనిఫాంలు కుడుతున్నదాన్ని. బెల్టుకు హోల్‌స్టర్ పెట్టుకునే నా షాపుకు వస్తారు, పెట్టుకునే ట్రయల్ చూసుకుంటారు. దానికి జిప్పు ఉండదని నాకు తెలియదా? మూతి గట్టిగా ఉండాలని తెలియదా? తెలుసమ్మా. తెలిసే జిప్పు వేశాను. తెలిసే ఫ్లానెలు వేశాను. నువ్వు పిస్తోలు తీయలేక ఆలస్యమై, పదిరోజుల్లో విసుగొచ్చి ఇంటికొచ్చేస్తావనుకున్నాను. ఆ మిగిలిన ఫోము దేనిదో తెలుసా? అవుట్‌పోస్టు కుర్చీకి, నువ్వు వచ్చి కూర్చుంటావని, ముందే మెత్త కుట్టేశాను. పూల అంచు కూడా పెట్టాను.

భయపడ్డాను. అంతే, వేరే కారణం లేదు. నా చేతుల మీద పెరిగిన పిల్ల తుపాకీ పట్టుకుందంటే నాకు నిద్ర పట్టలేదు. ఆ భయం చెప్పడానికి సిగ్గేసి, కుట్టి పంపాను. మీ సార్ సరిగ్గానే పట్టుకున్నాడు. దేనికి కుట్టారో వాళ్ళనే అడగమన్నాడు కదా, నువ్వే అడగలేదు.

గొట్టం నీ అరచేతి ముందు నుంచి దాటిందని చదివినప్పుడు ఆ మాట దగ్గరే ఆగి, కాగితం కింద పెట్టేశాను. నిన్ను కాపాడాలని కుట్టిన సంచీయే నీ చేతిని గొట్టం ముందుకు తెచ్చింది. ఇంతకంటే చెడ్డ కుట్టు నా జన్మలో కుట్టలేదు. నన్ను క్షమించు. ఆ రోజే కుర్చీ ఆశ వదిలేసి, మర్నాడు బొమ్మకు నీ ఒళ్ళు చుట్టాను.

బొత్తాం అడిగావు. నీకు నాలుగేళ్ళప్పుడు మీ అమ్మకు డ్యూటీలుంటే ఆదివారాలు నిన్ను నేనే చర్చికి తీసుకెళ్ళేదాన్ని. ప్రసంగం గంటన్నర. నీ ఎడమ చెయ్యి ఊరుకునేది కాదు. నా చీర కుచ్చిళ్ళు లాగేది, ముందు వరసలో ఆవిడ జడ లాగేది, ఒకసారి చందా సంచీయే లాగేసింది. వద్దంటే ఏడ్చేదానివి. మామయ్య కొబ్బరి చిప్పతో ఒక పెద్ద బొత్తాం చేశాడు, నేను నా చేతిసంచీ పట్టీకి కుట్టాను. ఆమెన్ అనేదాకా దాన్ని పట్టుకుని కూర్చునేదానివి. ఆ సొట్ట నీ పాలపళ్ళతో నువ్వు పెట్టిందే. ఆ చేతిసంచీ చిరిగిపోయింది గానీ, బొత్తాం కోసి డబ్బాలో దాచాను. ఇరవై రెండేళ్ళు.

పదకొండు కొత్త బొత్తాలు మామయ్య చేస్తున్నాడు, వచ్చే వారం పంపుతాను. నీది మాత్రం ఎవరికీ ఇవ్వకు. సంచీ బైబిలుకే ఉంచు, దానికి తగిన పని దొరికింది. మెత్త మామయ్య వాలుకుర్చీలో వేశాను. పూల అంచు బాగుందంటున్నాడు.

పోటీ రోజు నీ కుడి చెయ్యి ఏం చేయాలో దానికి తెలుసు. ఎడమ చెయ్యి గురించి నువ్వు ఆలోచించకు. దాన్ని నేను పట్టుకుని ఉంటాను.

నీ అత్త,
మేరమ్మ